నవ్వే ఆడది, ఏడ్చే మగవాడు, ఒక ప్రశ్నాపత్రం

మన విశ్వవిద్యాలయాల్లో మనస్తత్వశాస్త్రం, విద్యాశాస్త్రం, గృహవిజ్ఞానం, సోషల్ వర్క్ శాఖల్లో దేని గ్రంథాలయానికి వెళ్ళినా ఇంచుమించు ఒకే పేరున్న సిద్ధాంత వ్యాసాలు కనబడుతూ ఉంటాయి: కళాశాల విద్యార్థుల్లో ఒత్తిడి, మూర్తిమత్వం, వాటిలో స్త్రీ పురుష భేదాలు. ఊరు మారుతుంది, విద్యార్థుల సంఖ్య మారుతుంది, పర్యవేక్షకుల పేరు మారుతుంది. ముగింపు చాలావరకు మారదు. అబ్బాయిలకన్నా అమ్మాయిల్లో ఒత్తిడి ఎక్కువ. న్యూరాటిసిజం, అంటే ఉద్వేగాల్లో నిలకడ లేకపోవడం, ఎక్కువ. ఇతరులతో సర్దుకుపోయే గుణమూ ఎక్కువే. ఆ తర్వాత సూచనల పేజీ వస్తుంది. అమ్మాయిలకు యోగా నేర్పాలి, ధ్యానం నేర్పాలి, సమయపాలన నేర్పాలి, కౌన్సెలింగ్ ఇప్పించాలి.

ఈ వ్యాసాలు రాసేవాళ్ళలో ఆడపిల్లలు చాలామంది. హాస్టల్లో ఉండో, పెళ్ళయి పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలో, రాత్రిళ్ళు కూర్చుని పట్టికలు నింపి, తమలాంటి ఆడపిల్లలకి ఉద్వేగ నిలకడ లేదని తేల్చి పట్టా తీసుకుంటారు. వాళ్ళ శ్రమని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ చేతికి ఇచ్చిన కొలబద్ద గురించి మాట్లాడాలని నా ఉద్దేశం. నేను మనస్తత్వశాస్త్రజ్ఞురాలిని కాదు, తెలుగు పాఠం చెప్పేదాన్ని. మనం కథని చదివేటప్పుడు ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఏది చెప్పకుండా వదిలేశారు అని చూస్తాం. ప్రశ్నాపత్రం కూడా ఒక రచనే. దాన్నీ అలాగే చదవవచ్చు.

కొలబద్ద ఎక్కడ పుట్టింది

నీకు తరచూ భయం వేస్తుందా, నిద్ర పడుతుందా, చిన్న విషయానికే మనసు కలత పడుతుందా? అవును, కాదు అని గీతలు పెట్టించే ఈ రకం ప్రశ్నలకు మూలం యుద్ధంలో ఉంది. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగినప్పుడు, ఫిరంగి మోతకు మనసు చెదిరిపోయే సైనికులు ఎవరో ముందే కనిపెట్టడానికి రాబర్ట్ వుడ్‌వర్త్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఒక ప్రశ్నల జాబితా తయారుచేశాడు. అది పూర్తయ్యేసరికి యుద్ధం ముగిసింది. ఆ జాబితా మాత్రం కాలేజీల్లోకి వచ్చి చేరింది. 1930లో థర్‌స్టన్ తయారుచేసిన మూర్తిమత్వ పరీక్ష, ఆ తర్వాతి న్యూరాటిసిజం కొలతలు చాలావరకు ఆ వంశానివే.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. కందకాల్లో మాట పడిపోయి, చేతులు వణికి, ఏడ్చిన మగవాళ్ళని చూసి డాక్టర్లు కంగారుపడ్డారు. ఆ లక్షణాలన్నీ అప్పటిదాకా హిస్టీరియా పేరుతో ఆడవాళ్ళకి అంటగట్టినవి. మగవాళ్ళకి అదే జబ్బు అనలేక ‘షెల్ షాక్’ అని పేరుపెట్టారు. ఎలెయిన్ షోవాల్టర్ 1985లో రాసిన ‘ది ఫీమేల్ మాలడీ’లో ఈ చరిత్రని వివరంగా చర్చించింది. కదలడానికి వీల్లేని చోట, చెప్పే మాటకి విలువ లేని చోట ఎవరిని పెట్టినా ఆ లక్షణాలే వస్తాయన్నది ఆ యుద్ధం నేర్పిన పాఠం. శాస్త్రం ఆ పాఠాన్ని త్వరగానే మరిచిపోయింది, ప్రశ్నల్ని మాత్రం దాచుకుంది. మగవాళ్ళు విరిగిపోతారేమోనన్న భయంతో మొదలైన కొలబద్ద చివరికి ఆడపిల్లల స్వభావాన్ని నిర్ణయించే కొలబద్ద అయింది.

1936లో టెర్మన్, మైల్స్ అనే ఇద్దరు మరో అడుగు వేశారు. పురుషత్వం ఒక కొస, స్త్రీత్వం మరో కొస అనుకుని, 456 అంశాలతో ఒక పరీక్ష పెట్టారు. దేన్ని కొలుస్తున్నారో తెలియకుండా ఉండాలని దానికి వైఖరులు, అభిరుచుల పరీక్ష అని పేరుపెట్టారు. ఇంకో ముప్ఫై నాలుగేళ్ళకి, 1970లో బ్రోవర్‌మన్ బృందం 79 మంది వైద్య నిపుణుల్ని ఒక చిన్న ప్రశ్న అడిగింది. మానసిక ఆరోగ్యం ఉన్న పురుషుడు ఎలా ఉంటాడు, స్త్రీ ఎలా ఉంటుంది, స్త్రీ పురుష ప్రసక్తి లేకుండా వయోజన వ్యక్తి ఎలా ఉంటారు? ఆరోగ్యవంతుడైన పురుషుడికీ ఆరోగ్యవంతమైన వ్యక్తికీ వాళ్ళు చెప్పిన లక్షణాలు కలిశాయి. ఆరోగ్యవంతురాలైన స్త్రీ లక్షణాలు కలవలేదు. అంటే ఆడపిల్ల మంచి ఆడదిగా ఉంటే పూర్తి మనిషి కాదు, పూర్తి మనిషిగా ఉంటే మంచి ఆడది కాదు. ఈ ఇరకాటంలో ఉన్న పిల్ల ప్రశ్నాపత్రంలో ‘నాకు దిగులుగా ఉంటుంది’ అని గీత పెడితే, ఆ దిగులు ఆమె మూర్తిమత్వం అయిపోతుంది.

గీత పెట్టే అనుమతి

నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని మనకో సామెత ఉంది. దీన్ని మనం ఎప్పుడూ ఆడవాళ్ళ మీది నిందగానే చదివాం. ఒత్తిడి పరిశోధనల్ని ముందు పెట్టుకుని చదివితే ఇందులో మరో సంగతి కనబడుతుంది. ఏ ఉద్వేగాన్ని ఎవరు బయటికి చూపించవచ్చునో లోకం ముందే పంచిపెట్టింది. ఆడదానికి ఏడుపు, మగవాడికి నవ్వు, కోపం. పంపకం దాటినవాళ్ళ మాట చెల్లదు. ఇలాంటి సామెతలు వింటూ పెరిగిన పద్దెనిమిదేళ్ళ పిల్లలు తరగతిలో పక్కపక్కనే కూర్చుని ఒకే ప్రశ్నాపత్రం నింపుతారు. గత నెలలో మీకు ఎన్నిసార్లు ఏడుపు వచ్చింది అన్న ప్రశ్నకి ఆ అమ్మాయికీ ఈ అబ్బాయికీ ఒకే అర్థం ఉంటుందా?

ఉండదని కొలతలు వేసేవాళ్ళకీ తెలుసు. కుంగుబాటును కొలిచే బెక్ జాబితాలో ఏడుపు గురించిన అంశం ఉంది. కుంగుబాటు ఒకే స్థాయిలో ఉన్నప్పుడు కూడా ఆ అంశం దగ్గర స్త్రీలకి ఎక్కువ మార్కు పడుతుందని ఆ రంగంలోని పరిశోధకులే గుర్తించారు. 1998లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, ఆమె సహచరులు ఇంకా ఆసక్తికరమైన పని చేశారు. కాలేజీ విద్యార్థుల్ని ముందు, మీరు మామూలుగా ఎంత ఉద్వేగపడే మనిషి అని అడిగారు. అమ్మాయిలు తమని తాము ఎక్కువ ఉద్వేగం గలవాళ్ళుగా చెప్పుకున్నారు. తర్వాత ఆ విద్యార్థులనే, రోజూ ఎవరితోనైనా మాట్లాడాక అప్పటికప్పుడు తమకి కలిగిన భావాల్ని నమోదు చేయమన్నారు. ఆ లెక్కల్లో ఆ తేడా కనబడలేదు. ‘నువ్వు ఎలాంటిదానివి’ అంటే తనని గురించి అందరూ చెప్పినది గుర్తొస్తుంది. ‘ఇప్పుడు నీకెలా ఉంది’ అంటే తనకు తెలిసినది చెబుతుంది. మన సిద్ధాంత వ్యాసాల్లో ఎక్కువ భాగం మొదటి ప్రశ్న మీదే నడుస్తాయి.

భాష దగ్గరికి వస్తే ఈ చిక్కు ఇంకా పెద్దదవుతుంది. కొన్నేళ్ళ క్రితం ఒక పరిశోధక విద్యార్థిని ఇలాంటి ప్రశ్నాపత్రాన్ని తెలుగు చేయడంలో సాయం అడిగితే ఆమెతో కలిసి కూర్చున్నాను. ‘నెర్వస్’ అన్న ఒక్క మాట దగ్గర మాకు ఒక సాయంత్రం గడిచిపోయింది. కంగారు, గుబులు, బెదురు, దడ, ఆందోళన, బెంగ. ఒక్కో మాట పలికి చూసుకుంటే ఒక్కో మనిషి కళ్ళముందు నిలబడుతోంది. బెంగ పెట్టుకున్న అబ్బాయి అంటే మాకు చిన్నపిల్లవాడు గుర్తొచ్చాడు. బెదురు అనగానే ఆడపిల్ల. ‘టెన్షన్’ అంటే మాత్రం అబ్బాయి. బైకు స్టాండు వేసి, జుట్టు వెనక్కి తోసుకుంటూ, టెన్షన్‌గా ఉందిరా అనే అబ్బాయి. అమ్మాయికి చిరాకు వస్తే విసుగు అంటాం, అబ్బాయికి అదే చిరాకు వస్తే కోపం అంటాం. విసుగు గుణదోషం, కోపం పౌరుషం. చివరికి ఆమె ‘ఆందోళన’ ఎంచుకుంది. అది పుస్తకాల మాట కాబట్టి ఎవరికీ ప్రత్యేకంగా తగలదని ఆమె వాదన. ధర్నాకి కూడా ఆందోళన అనే అంటారు కదా అన్నాను. నవ్వింది. ఆడపిల్లలు ఎప్పుడూ ఆందోళనలో ఉంటారని ఆ అర్థంలో తేలితే బాగుండేది అంది.

ఆన్ కథ

మనం కథలు రాసేవాళ్ళం కాబట్టి, కథతో చేసిన ఒక పరీక్ష గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1968లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మటీనా హార్నర్ తన పరిశోధనలో విద్యార్థులకి ఒక కథ మొదటి వాక్యం ఇచ్చింది. మెడికల్ కాలేజీలో మొదటి పరీక్షలు అయ్యాక ఆన్ అనే అమ్మాయి తరగతిలో అందరికన్నా ముందుంది. తర్వాతి కథ రాయండి. ఇది 90 మంది అమ్మాయిలకి ఇచ్చింది. 88 మంది అబ్బాయిలకి అదే వాక్యం జాన్ అనే పేరుతో ఇచ్చింది.

అమ్మాయిల్లో నూటికి 65 మంది రాసిన కథల్లో ఆన్‌కి ఏదో ఒక కీడు జరిగింది. స్నేహితులు దూరమయ్యారు, పెళ్ళి కాలేదు, తను మామూలు ఆడపిల్లనేనా అన్న అనుమానం పట్టుకుంది. జాన్ విషయంలో అలా రాసిన అబ్బాయిలు నూటికి పదిమంది కూడా లేరు. హార్నర్ దీనికి ‘విజయ భయం’ అని పేరుపెట్టింది. ఆడపిల్లలకి లోపల ఎక్కడో గెలుపంటే భయం ఉందని ఆమె వివరణ. పత్రికలు దాన్ని పట్టుకుని ఊరంతా చాటాయి.

1974లో మొనహన్, కూన్, షేవర్ అనే ముగ్గురు ఒక చిన్న మార్పు చేశారు. బడి పిల్లల్లో అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఆన్ కథ కూడా ఇచ్చారు, జాన్ కథ కూడా ఇచ్చారు. ఆన్ గురించి అబ్బాయిలు కూడా కీడే రాశారు, అమ్మాయిలకన్నా ఎక్కువగా రాశారు. ఆ భయం రాసిన అమ్మాయి మూర్తిమత్వంలోది అయితే అబ్బాయిల కథల్లోకి ఎలా వచ్చింది? గెలిచిన ఆడదాన్ని లోకం ఏం చేస్తుందో పిల్లలందరికీ తెలుసు. తెలిసినదే రాశారు. అదే వాక్యాన్ని సుజాత అని పేరు మార్చి, మెడిసిన్ తీసేసి ఐఐటీ అని పెట్టి, మన ఇంటర్మీడియట్ పిల్లల చేతికిస్తే ఏం రాస్తారో ఊహించడం మనకి కష్టం కాదు. ఇంత చదివిన దీనికి తగిన సంబంధం ఎక్కడ తేగలం అన్న వాక్యం దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

లోకజ్ఞానాన్ని స్వభావం అనడం ఈ పరిశోధనల అలవాటు. అబ్బూరి ఛాయాదేవి ‘బోన్సాయ్ బ్రతుకు’ కథలో పెద్దగా చదువుకోని అక్క, పట్నంలో చెల్లెలి ఇంటికి వచ్చి, కుండీలో మరుగుజ్జుగా పెంచిన చెట్టుని చూసి ఆడపిల్ల పెంపకం గుర్తు చేసుకుంటుంది. ఆ చెట్టుని ఏ వృక్షశాస్త్ర విద్యార్థి చేతికైనా ఇస్తే ఎత్తు కొలిచి, ఈ జాతి ఎత్తు పెరగదని రాయడు. కుండీ ఎంత లోతుందో, వేళ్ళు ఎప్పుడెప్పుడు కత్తిరించారో అడుగుతాడు. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న అడగడం ఎందుకు మరిచిపోతున్నాం?

ప్రతిబలం, వికృతి

తెలుగు భౌతికశాస్త్ర పుస్తకాల్లో ‘స్ట్రెస్’ని ప్రతిబలం అంటారు, ‘స్ట్రెయిన్’ని వికృతి అంటారు. బరువు పడటం వేరు, పడిన బరువుకి వస్తువు ఆకారం మారడం వేరు. ఒత్తిడి అన్న మాటని వైద్యంలో ప్రచారం చేసిన హన్స్ సెల్యే కూడా, ఇంగ్లిష్ తనకు ఇంకా బాగా వచ్చి ఉంటే తను చెప్పదలచుకున్నదానికి రెండో మాట వాడి ఉండేవాణ్ణని తర్వాత ఒప్పుకున్నాడంటారు. మాట ఎంపికలో జరిగిన ఆ పొరపాటు మన ప్రశ్నాపత్రాల్లో స్థిరపడిపోయింది. 1983లో కోహెన్, ఆయన సహచరులు తయారుచేసిన ‘పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్’ ఇప్పటికీ కాలేజీల్లో ఎక్కువగా వాడే కొలబద్దల్లో ఒకటి. గత నెలలో జీవితంలోని ముఖ్య విషయాలు మీ చేతిలో లేవని ఎంత తరచుగా అనిపించింది అన్న ధోరణిలో అది అడుగుతుంది. ఇది వికృతిని అడగడం. పడిన బరువెంతో అడగడం కాదు.

ముఖ్య విషయాలు చేతిలో లేవని అమ్మాయి అంటే అది ఆమె అపోహ కావచ్చు, నిజమూ కావచ్చు. ఏ గ్రూపు తీసుకోవాలో నాన్న చెప్పాడు. ఏ ఊళ్ళో చదవాలో హాస్టల్ భద్రత చెప్పింది. పీజీ చేయాలో వద్దో రాబోయే పెళ్ళి సంబంధం చెబుతుంది. నా చేతిలో లేదని ఆమె గీత పెడితే అది కళ్ళు తెరుచుకుని చెప్పిన సమాధానం. దానికి ఎక్కువ మార్కులు వేసి, ఒత్తిడి అధికం, ధ్యానం అవసరం అని రాస్తే ఆమె చెప్పింది మనం విననట్టే.

పడే బరువు గురించి లెక్కలు లేవా అంటే ఉన్నాయి, వేరే పుస్తకాల్లో ఉన్నాయి. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసిన స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చించారు. 2024 సర్వేలో అవి 289, 88 నిమిషాలు. డే స్కాలర్‌గా చదివే అమ్మాయి ఆ నిమిషాల్లో కొంత వాటా పొద్దున్నే బస్సెక్కేలోపు, సాయంత్రం దిగాక చేస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అదే వయసు అబ్బాయిల్లో 31 మందికి. త్వరగా అలసిపోతున్నారా, దేనిమీదా మనసు నిలవడం లేదా, గుండె దడగా ఉంటోందా అన్న ప్రశ్నలు చాలా ఒత్తిడి కొలతల్లో ఉంటాయి. రక్తం తక్కువైన పిల్ల వీటన్నిటికీ అవును అంటుంది. ఐరన్ మాత్ర, కడుపునిండా తిండి కావలసిన పిల్ల మన పట్టికలో ఉద్వేగ నిలకడ లేనిదిగా నమోదవుతుంది.

హాస్టల్ గేటు సంగతి ఈ పత్రిక చదివేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఒకే కాలేజీ, ఒకే సిలబస్, ఒకే ఫీజు. అబ్బాయికి లైబ్రరీ రాత్రిదాకా, అమ్మాయికి సాయంత్రం గంట కొట్టేదాకా. క్యాంపస్‌లలో స్త్రీల భద్రత గురించి యూజీసీ వేసిన బృందం 2013లో ఇచ్చిన ‘సక్షమ్’ నివేదిక, భద్రత పేరుతో అమ్మాయిల కదలికల మీద ఆంక్షలు పెట్టడం సరికాదని చెప్పింది. 2015లో ఢిల్లీలో మొదలైన ‘పింజ్రా తోడ్’ ఉద్యమం ఆ గేట్ల దగ్గరే కూర్చుని అదే మాట అడిగింది. గేటు ఎన్ని గంటలకి వేస్తారు అన్న ఒక్క అంశాన్ని ప్రశ్నాపత్రంలో చేర్చి, ఒత్తిడి లెక్కతో పక్కపక్కన పెట్టి చూసిన వ్యాసం ఇంతవరకు నా చేతికి రాలేదు.

ప్రయోగశాలలో పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఏమీ లేదు. ప్రమాదం వస్తే మనిషి పోరాడతాడు లేదా పారిపోతాడు అన్న సూత్రం మీద ఒత్తిడి శాస్త్రమంతా నిలబడింది. 2000లో షెల్లీ టేలర్ బృందం పాత ప్రయోగాల్ని తిరగేసి చూస్తే, 1995కి ముందు ఒత్తిడికి శరీరం ఎలా స్పందిస్తుందో చూసిన ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్ళలో స్త్రీలు నూటికి 17 మందే ఉన్నారు. మగవాళ్ళని చూసి రాసిన సూత్రంలో ఆడపిల్ల ఇమడకపోతే తప్పు ఆమెదే అయింది.

తక్కువ మార్కులు వచ్చిన అబ్బాయి

ఇప్పుడు పట్టికలో రెండో నిలువు వరుస చూద్దాం. అబ్బాయిల ఒత్తిడి తక్కువ, ఉద్వేగ నిలకడ ఎక్కువ. చదివి ఊరుకుంటాం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్ళలో సగానికి పైగా అబ్బాయిలు. ప్రశ్నాపత్రంలో నిలకడగా ఉన్న పిల్లలు ఎక్కడికి పోతున్నారు?

ఇది స్త్రీవాదులు పట్టించుకోవాల్సిన విషయం కాదని నేను అనుకోను. ఏడ్చే మగవాణ్ణి నమ్మవద్దని నేర్పినచోట అబ్బాయి ప్రశ్నాపత్రంలో కూడా ఏడవడు. తాగుతాడు, బండి వేగంగా నడుపుతాడు, తమ్ముణ్ణో ప్రేమించానన్న అమ్మాయినో కొడతాడు. ఇవి ఒత్తిడి అంశాల్లో ఉండవు, క్రమశిక్షణ ఫైల్లో ఉంటాయి. పితృస్వామ్యం అబ్బాయికి ఇచ్చిన పెత్తనానికి తీసుకునే ధర ఇది. ఆ ధర చివరికి చెల్లించేవాళ్ళలో ఇంట్లో ఆడవాళ్ళూ ఉంటారు.

అదే లెక్కల్ని ఇంకో వైపు నుంచి చూడాలి. 2022లో మొత్తం ఆత్మహత్యలు 1,70,924. వాటిలో నూటికి 72 దాకా పురుషులవి. విద్యార్థుల దగ్గరికి వచ్చేసరికి ఆ దూరం తగ్గిపోయి ఇంచుమించు సగం సగం అవుతోంది. 2021–22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 4.33 కోట్ల మంది కాలేజీల్లో ఉంటే వాళ్ళలో 2.07 కోట్ల మంది అమ్మాయిలు. సావిత్రీబాయి ఫూలే నాటి నుంచి ఎందరో పోరాడి తెరిపించిన తలుపు ఇది. ఆ తలుపు దాటి వచ్చిన పిల్లలకి లోపల ఏం ఎదురవుతోందో, కొలిచామని చెప్పుకుంటున్న మనం నిజంగా చూస్తున్నామా?

పట్టికలో లేని నిలువు వరుసలు కూడా ఉన్నాయి. పురుషుడు, స్త్రీ అని రెండు గళ్ళు. కులం గడి ఉన్నా విశ్లేషణలోకి రాదు. 2016లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణం తర్వాత కూడా, విద్యార్థుల ఒత్తిడి గురించి రాస్తూ వివక్ష అన్న మాట వాడకుండా రెండొందల పేజీలు పూర్తిచేయడం సాధ్యమవుతోంది. దళిత అమ్మాయి, ముస్లిం అమ్మాయి, తండాల నుంచి వచ్చిన అమ్మాయి, అగ్రకులం అమ్మాయి అందరూ కలిసి ఒక సగటు అవుతారు. ఆ సగటు మనిషి ఏ హాస్టల్లోనూ ఉండదు. ట్రాన్స్ విద్యార్థులకైతే గీత పెట్టడానికి గడే ఉండదు. 2014లో సుప్రీంకోర్టు వాళ్ళ గుర్తింపుని ఒప్పుకున్న తర్వాత కూడా ఇదే పరిస్థితి.

తేడా ఉందా, లేదా

ఇదంతా చదివి, అయితే తేడాలే లేవంటారా అని ఎవరైనా అడగవచ్చు. అనను. యవ్వనం మొదలైన దగ్గర్నుంచి కుంగుబాటు అబ్బాయిలకన్నా అమ్మాయిల్లో ఇంచుమించు రెట్టింపు కనబడుతుందని చాలా దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ బాధ నిజం. చెప్పే అనుమతిలో తేడా ఒక్కదానితో అదంతా తేలిపోదు. నా అభ్యంతరం తేడా మీద కాదు, దానికి చెప్పే కారణం మీద.

ఆడపిల్లల స్వభావమే వేరు అని నమ్మేవాళ్ళ చేతిలో ఒక బలమైన ఆధారం ఉంది. 2001లో కోస్టా, టెరాషియానో, మెక్రే 26 సంస్కృతుల్లో మూర్తిమత్వ కొలతల్ని పోల్చారు. స్త్రీ పురుషుల తేడాలు ఆసియా, ఆఫ్రికా సమాజాల్లో తక్కువగా, స్త్రీలకి స్వేచ్ఛ ఎక్కువ అనుకునే యూరప్, అమెరికా సమాజాల్లో ఎక్కువగా తేలాయి. స్వేచ్ఛ ఇస్తే అసలు స్వభావం బయటపడుతుందని దీన్ని వ్యాఖ్యానించేవాళ్ళున్నారు. దీనికి ఇంకో వివరణ కూడా ఉంది. నువ్వు భయస్థురాలివా అని అడిగితే ఎవరితో పోల్చుకుని జవాబు చెబుతాం? ఆడ మగ వేరువేరు వరండాల్లో పెరిగే చోట అమ్మాయి తోటి అమ్మాయిలతో పోల్చుకుంటుంది, తేడా కనబడదు. ఇద్దరూ ఒకే గదిలో ఒకే ఉద్యోగానికి పోటీపడే చోట అబ్బాయితో పోల్చుకుంటుంది, తేడా పైకి వస్తుంది. కొలబద్ద ఒకటే, పక్కన నిలబడ్డ మనిషి మారాడు. ఈ రెండు వివరణల్లో ఏది సరైనదో వాదన సాగుతూనే ఉంది. వాదన ముగియకముందే మన సూచనల పేజీ తీర్పు రాసేస్తోంది.

2005లో జానెట్ హైడ్ అప్పటిదాకా వచ్చిన 46 సమగ్ర విశ్లేషణల్ని కూర్చి చూసింది. మానసిక లక్షణాల్లో స్త్రీ పురుష తేడాలు అని చెప్పినవాటిలో నూటికి 78 చాలా చిన్నవి, లేదా లేనట్టే. తేడా వచ్చిన వ్యాసానికి శీర్షిక దొరుకుతుంది, పోలిక వచ్చిన వ్యాసానికి దొరకదు. మనలోనూ కొందరికి తేడా మీద మోజు ఉంది. 1982లో కెరోల్ గిలిగన్ ‘ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్’ వచ్చాక, స్త్రీలది సంరక్షణ గుణమనీ మృదుత్వమనీ గర్వంగా చెప్పుకోవడం మొదలైంది. ఆ పుస్తకం అవసరమైన పని చేసింది, అప్పటిదాకా మగపిల్లల సమాధానాలే నీతికి ప్రమాణం అన్న ధోరణిని నిలదీసింది. కానీ భూదేవంత సహనం అని మనల్ని పొగిడినవాళ్ళెవరో మనకి గుర్తుండాలి. సర్దుకుపోయే గుణంలో అమ్మాయిలకి ఎక్కువ మార్కులు రావడం సంతోషించాల్సిన విషయమా? ఎన్నిసార్లు సర్దుకుపోకపోతే ఏం జరిగిందో అడిగాక చెప్పాలి.

అడగాల్సిన ప్రశ్నలు

విశాఖపట్నంలో నీట్ శిక్షణకి వచ్చిన 17 ఏళ్ళ అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకి 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా అంతకన్నా ఎక్కువమంది విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం వద్దంది. కులం, జెండర్ ఆధారంగా వేధింపులు జరిగితే ఉపేక్షించవద్దంది. ఇందులో పిల్లని సరిచేయడం ఉంది, కాలేజీని సరిచేయడం కూడా ఉంది. అమలు చేసేటప్పుడు మొదటిది ఉండి రెండోది జారిపోతుందేమోనని నా భయం. కౌన్సెలర్‌ని పెట్టడం సులువు. సెక్షన్లు రద్దు చేయడం, గేటు వేళలు మార్చడం, ఫిర్యాదుల కమిటీలో విద్యార్థినుల మాట చెల్లేలా చేయడం కష్టం.

అందుకే పరిశోధన చేస్తున్న, చేయిస్తున్న స్నేహితురాళ్ళని కోరేది ఇది. పాత ప్రశ్నాపత్రాన్ని పారేయమనడం లేదు. దాని పక్కన ఇంకో కాగితం పెట్టండి. నిన్న ఎన్నింటికి లేచావు, ఎవరి కోసం లేచావు? బస్సులో కూర్చునే చోటు దొరికిందా? నెలసరి రోజుల్లో కాలేజీలో నీళ్ళున్న మరుగుదొడ్డి ఉందా? ఫోను ఎవరెవరు చూస్తారు? తరగతిలో ఆఖరిసారి ఎప్పుడు ప్రశ్న అడిగావు, ఎవరు నవ్వారు? ఇంట్లో నీ పెళ్ళి మాట ఎత్తారా? చదువు మానేయమని ఎవరైనా అన్నారా? ఇవే ప్రశ్నలు అబ్బాయిల్నీ అడగండి. ఆఖరిసారి ఎప్పుడు ఏడ్చావు, ఎవరి ముందు ఏడ్చావు అని వాళ్ళని అదనంగా అడగండి. చివర్లో నాలుగు వాక్యాలు రాసుకోవడానికి ఖాళీ వదలండి. అందులో రాసినదాన్ని అంకెలుగా మార్చకముందు ఒకసారి చదవండి.

రచయిత్రులకీ ఇందులో పని ఉంది. ఈ ప్రశ్నలకి మన కథలు ముందునుంచీ జవాబులు రాస్తూనే ఉన్నాయి. పి.సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలికి, చదువుకునే రోజుల స్నేహితురాలు కనబడి పేరు గుర్తుచేస్తుంది. ఆ స్నేహితురాలు ఆమెకి మూర్తిమత్వ పరీక్ష పెట్టలేదు. ఒకప్పుడు నువ్వు ఏమేం చేసేదానివో చెప్పింది. అయితే పెళ్ళయిన ఆడవాళ్ళ గురించి రాసినంతగా మనం ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయిల గురించి రాయలేదు. స్టడీ అవర్లు, ర్యాంకులు, వార్డెన్లు, ఫోను తనిఖీలు, ఊరి నుంచి మొదటిసారి నగరానికొచ్చిన పిల్ల గది పంచుకోవడం, ఇవి మన కథల్లోకి తక్కువగా వచ్చాయి. ఆ పిల్లలు ఇప్పుడు తామే రాస్తున్నారు. వాళ్ళ రాతల్లో కనబడే చిరాకునీ విసుగునీ ఉద్వేగ నిలకడ లేకపోవడం అని సరిదిద్దకుండా అచ్చువేయడం మన వంతు. ఆ చిరాకు కోపం అయితే, దానికి కోపం అనే పేరు పెట్టడం కూడా మన వంతే.